ఓరుగల్లు అంగట్లో అర్థశాస్త్రం

జర దగ్గరికి జరగండి బిడ్డా. ఆ చాప ఇంకొంచెం ఇటు లాగితే చిన్నవాళ్లకు కూడా చోటు దొరుకుతుంది. ఎకనామిక్స్ అంటే పైసల లెక్కలని అనుకుంటున్నారు గదా మీరంతా? పైసలు ఈ కథలోకి చాలా ఆలస్యంగా వస్తాయి. కథ మొదలయ్యేది పొయ్యి కాడ. పొద్దున మీ నానమ్మ ముందు రెండు లీటర్ల పాలున్నాయనుకోండి. అందరికీ చాయ్ పెట్టాలి, చంటిదానికి తాగించాలి, రాత్రికి తోడు వేయాలి, మీగడ తీసి నెయ్యికి దాచాలి. కావలసినవి నాలుగు, ఉన్నవి రెండు లీటర్లే. చుట్టాలొచ్చారని చాయ్‌లో ఇంకో రెండు గ్లాసులు పోసిందంటే రాత్రి మీ కంచాల్లో పెరుగు పలచబడుతుంది. కోరికలు ఎక్కువ, వస్తువు తక్కువ. అర్థశాస్త్రమంతా ఆ గిన్నెలోంచే పుట్టింది.

ఇందులో ఒక తమాషా ఉంది, చూడండి. ఆ చాయ్‌కి ఎంత ఖర్చయిందని అడిగితే మీరు పాల ధర, చక్కెర ధర, ఆకు ధర కలిపి చెప్తారు. అసలు ఖర్చు రాకుండా పోయిన పెరుగు. నర్సంపేట వైపు రెండెకరాల రైతు వానాకాలం పత్తి పెట్టాడంటే విత్తనాలు, మందులు, కూలి అన్నీ లెక్క రాసుకుంటాడు. అదే రెండెకరాల్లో రాకుండా పోయిన మక్కలను మాత్రం ఏ చిట్టీలోనూ రాయడు. అర్థశాస్త్రం చదివినవాళ్లు ఆ రాని మక్కలను కూడా ఖర్చులో వేస్తారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు అవకాశ వ్యయం. పేరు మరిచిపోయినా ఫర్వాలేదు. ఒకటి చేశామంటే ఇంకొకటి వదులుకున్నట్టేనన్న ఎరుక ఉంటే చాలు. అది ఉన్నవాడు జీవితంలో చాలా తప్పులు తప్పించుకుంటాడు.

ఇంట్లో పాల సంగతి నానమ్మ తేలుస్తుంది. ఊరికి, దేశానికి ఎవరు తేల్చాలి? ఏం పండించాలి, ఎట్లా తయారు చేయాలి, వచ్చింది ఎవరికి ఎంత దక్కాలి? ప్రపంచంలో ఏ దేశానికైనా ఈ మూడు ప్రశ్నలే. వీటికి జవాబు చెప్పేదెవరన్న దాన్ని బట్టే ఆర్థిక వ్యవస్థల రకాలు ఏర్పడ్డాయి. కొన్నిచోట్ల ఆచారం చెప్తుంది, కొన్నిచోట్ల సర్కారు చెప్తుంది, కొన్నిచోట్ల అంగడి చెప్తుంది. వీటిని చూడటానికి మీరు అమెరికాకో రష్యాకో పోనక్కర్లేదు. మన వరంగల్ చుట్టుపక్కలనే అన్నీ ఉన్నాయి, లేదా ఉండి పోయాయి.

ముందు అంగడి సంగతి. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది గదా. సమ్మక్క సారలమ్మలకు మనం ఇచ్చే బంగారం ఏమిటి? బెల్లం. కొందరు తమ బరువుకు సరిపడా తూచి నిలువెత్తు బంగారం మొక్కు తీర్చుకుంటారు. మామూలు రోజుల్లో ఒక ఇంటికి నెలకు కిలో బెల్లం ఎక్కువ. జాతర నెలలో లక్షలమంది ఒక్కసారిగా బెల్లం అడుగుతారు. గిరాకీ పెరిగింది, ఉన్న బెల్లం అంతే, ధర కదులుతుంది. ఆ ధర కదలగానే ఏమవుతుందో చూడండి. ఎక్కడో దూరాన ఉన్న వ్యాపారి దిమ్మెలు లారీకెత్తిస్తాడు. మన పక్కింటి ఆమె, ఈ వారం పాయసం వద్దులే, జాతరయినాక చేద్దాం అనుకుంటుంది. ఏ కలెక్టరూ ఆర్డరు వేయలేదు. ధర అనేది ఊళ్లో డప్పు చాటింపు లాంటిది బిడ్డా. ఒకచోట మోగితే అందరికీ వార్త అందుతుంది, ఎవరికి తోచినట్టు వాళ్లు కదులుతారు. 1776లో ఆడం స్మిత్ అనే స్కాట్లండు పెద్దమనిషి తన పుస్తకంలో దీన్నే చూసి ఆశ్చర్యపోయాడు. ఎవరి లాభం వాళ్లు చూసుకుంటూనే ఒకరి అవసరం ఒకరు తీరుస్తున్నారే అని. నాకూ ఇప్పటికీ ఆశ్చర్యమే. అయితే ఈ చాటింపుకు ఒక లోపముంది. చేతిలో పైసలున్నవాడి గిరాకీనే అది మోగిస్తుంది. పైసల్లేనివాడు ఎంత ఆకలితో ఉన్నా ఆ డప్పులో వినపడదు. ఇది గుర్తుంచుకోండి.

ఇగ ఎనుమాములకు పోదాం. వరంగల్‌లో ఉండి ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ చూడకపోతే ఎట్లా? ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని పేరు. పత్తి సీజన్లో తెల్లారకముందే ట్రాలీలు, ఆటోలు, డీసీఎంలు వరుస కడతాయి. బస్తాల మధ్య నడుస్తుంటే పింజలు ఎగిరొచ్చి జుట్టుకు అంటుకుంటాయి. మోసే హమాలీలు, తూకం వేసే దడువాయిలు, మధ్యలో ఉండి అమ్మించే అడ్తిదారులు, కొనే ఖరీదుదారులు, ఎవరి పని వాళ్లది. పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. మంచి సరుకు ఒకటి చూసి వ్యాపారులు పాట పాడితే ఆ రోజుకు అదే పై ధర. మరునాడు పేపర్లో పడేదీ అదే. మన ఊరి రైతు ఆ ధర చదువుకుని సంబరపడి బండి కట్టుకుని వస్తాడు. కాంటా కాడికొచ్చేసరికి తేమ ఉందంటారు, కాయ ముక్కలున్నాయంటారు, రంగు తగ్గిందంటారు. జెండా ధర ఒకటి, చేతికొచ్చిన ధర ఇంకొకటి.

అందులో అంతా మోసమే అని నేననను. తేమ ఉన్న పత్తిలో నీళ్ల బరువుంటుంది, అది నిజం. సర్కారు తరఫున కొనే భారత పత్తి సంస్థ, సీసీఐ అంటాం గదా, అది కూడా 8 శాతం తేమ ఉంటేనే పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 12 శాతం దాకా కోత పెట్టి కొంటుంది, అది దాటితే కొనదు. 2024-25లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. మంచు పడ్డ చేన్లో పొద్దున్నే ఏరిన పత్తికి 12 శాతం లోపు తేమ ఉండాలంటే రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. ఎండబెట్టడానికి చోటుండాలి, ఆగడానికి ఓపికుండాలి, అన్నిటికన్నా ముందు అప్పు లేకుండా ఉండాలి. అసలు కీలకం ఇక్కడుంది. జూన్లో విత్తనాలకు పైసలిచ్చిన అడ్తిదారుకే నవంబర్లో పంట తెచ్చిపోయాలంటే, ఆ రైతు అమ్ముతున్నాడని ఎట్లా అంటాం? కొనేవాడు వారం రోజులు ఆగగలడు, అమ్మేవాడు పొద్దుగూకేదాకా కూడా ఆగలేడు. ఇద్దరూ బేరమాడుతున్నట్టే కనపడతారు. ఆగగలిగినవాడిదే బేరం. అర్థశాస్త్రం పుస్తకాలు ఈ మాటను ఎక్కడో వెనక అధ్యాయాల్లో పెడతాయి. నాకైతే ఇది మొదటి పేజీలో ఉండాల్సిన సంగతి.

1997-98లో మన వరంగల్ జిల్లా ఏం చూసిందో మీ నాన్నలకు గుర్తుంటుంది. పత్తికి లద్దె పురుగు పడింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. అప్పు తెచ్చి మందు కొనడం, మందు పనిచేయక మళ్లీ అప్పు తేవడం. ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కొందరు పురుగు చావని ఆ మందే తాగారు. ఆ ఇళ్ల ముందు నుంచి నడిచిపోయినవాళ్లం మేము. లెక్కల శాస్త్రమని ఎవరన్నా అర్థశాస్త్రాన్ని తేలిగ్గా తీసేస్తే నాకు కోపమొచ్చేది అందుకే.

ధర వెనక దూర దేశాల సంగతులు కూడా ఉంటాయి. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో ఉత్తరాదివాళ్లు, దక్షిణాదివాళ్లు కొట్లాడుకున్నారు. అక్కడి పత్తి ఓడలు ఇంగ్లండుకు పోవడం ఆగిపోయింది. మాంచెస్టర్ మిల్లులకు పత్తి కావాలి, చూపు మన దేశం మీద పడింది. బొంబాయిలో పత్తి ధర ఆకాశానికెగిరింది. అక్కడ యుద్ధం ఆగగానే ఇక్కడ ధర కూలింది. దక్కన్‌లో పత్తి వేసినవాడికి అమెరికా అధ్యక్షుడు లింకన్ ఎవరో తెలియదు, కానీ లింకన్ యుద్ధం అతని ఇంటి అన్నం కుండ దాకా వచ్చింది.

మిర్చి కథ ఇంకో రకం. ఒక ఏడాది ధర బాగుంటుంది. అది చూసి వచ్చే ఏడాది అందరూ మిర్చే వేస్తారు. ఏ ఒక్కరి లెక్కా తప్పు కాదు, అందరూ కలిసి వేయడమే తప్పవుతుంది. 2017లో సరిగ్గా అదే జరిగింది. ముందటేడు ధర చూసి విపరీతంగా వేశారు. పంట వచ్చేసరికి ధర నేలకు పడింది. ఏప్రిల్లో ఖమ్మం మార్కెట్లో రైతులు కడుపు మండి తిరగబడ్డారు. మే నెలలో కేంద్రం క్వింటాలు 5,000 రూపాయలకు కొంటామని ప్రకటించాల్సి వచ్చింది. చేతికొచ్చే ధర వచ్చే ఏడు సంగతి చెప్పదు, పోయిన ఏడు సంగతే చెప్తుంది. కుర్చీలు చేసేవాడికైతే ఇబ్బంది లేదు, నెలలో మార్చుకుంటాడు. నారు పోసినవాడు ఆరు నెలల దాకా వెనక్కి తిరగలేడు. అదే మన దగ్గరి చపాటా మిర్చి చూడండి. కారం తక్కువ, రంగు ఎక్కువ, టమాటలాగా గుండ్రంగా ఉంటుంది. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందరి దగ్గరా ఉన్నదాన్ని అమ్మేవాడికి బేరం తక్కువ, తన దగ్గరే ఉన్నదాన్ని అమ్మేవాడికి కొంత మాట చెల్లుతుంది.

"అయితే తాతా, సర్కారు పక్కకు తప్పుకుంటే అంగడి తనంతట తానే నడుస్తుందా?" అని అడుగుతావు గదా నువ్వు. దానికి జవాబు మన కాకతీయులే చెప్పి పోయారు. ఓరుగల్లు రాజధానిగా ఏలిన గణపతిదేవుడికి సముద్రం మీద మోటుపల్లి రేవు ఉండేది, ఇప్పటి బాపట్ల జిల్లాలో. ఆ కాలంలో ఒక దుర్మార్గపు అలవాటుండేది. తుఫానుకు ఓడ దెబ్బతిని మన ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, సరుకంతా ఆ తీరం ఏలే రాజు లాక్కునేవాడు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనం వేయించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల సొమ్ము ఇక ముట్టుకోము, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాము, అది ముప్పయింట ఒక వంతు అని. అభయ శాసనమని దాని పేరు. ఎంత ముందుచూపో చూడండి! ఓడ మునిగిన రోజు దోచుకుంటే ఒక్కరోజు లాభం, రాళ్ల మీద మాట చెక్కి నిలబెట్టుకుంటే ఏళ్ల తరబడి ఓడలొస్తాయి. అంగడి ముందు ఒక నమ్మకం ఉండాలి, నా సొమ్ము నాదేనన్న నమ్మకం. దాన్ని నిలబెట్టాల్సింది రాజ్యమే. ఎనుమాములలో కాంటా సరిగ్గా తూగాలన్నా ఎవరో ఒకరు ముద్ర వేయాలి గదా.

ఇక పైసలు. నా చిన్నప్పుడు మా పెద్దలు హాలీ సిక్కా, కల్దారు అని రెండు రకాల రూపాయల గురించి చెప్పేవారు. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది, అది హాలీ. ఇంగ్లీషువాళ్లది కల్దారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. హైదరాబాదు రాష్ట్రం ఇండియాలో కలిశాక కూడా కొన్నాళ్లు నడిచి, 1959లో హాలీ చెల్లకుండా పోయింది. పైసలంటే ఏమిటో ఇంతకన్నా బాగా చెప్పలేను. రేపు ఎవరో తీసుకుంటారన్న నమ్మకముంటేనే ఇవాళ నేను తీసుకుంటాను.

పైసలు అంతగా తిరగని రోజుల్లో ఊరు ఎట్లా నడిచింది మరి? ఆచారం మీద. కమ్మరి ఏడాదంతా నాగలి కర్రు సాగదీస్తాడు, వడ్రంగి బండి చేస్తాడు, కుమ్మరి కుండలిస్తాడు. ఎవరూ ఆ పూట పైసలు తీసుకోరు. పంటొచ్చినప్పుడు కల్లం కాడ ఎవరి మేర వాళ్లకు కొలిచి ఇస్తారు. చెరువు నీళ్లు ఏ మడికి ఎప్పుడు వదలాలో నీరటికాడు చూసేవాడు. పాకాల, రామప్ప, లక్నవరం, ఇవన్నీ కాకతీయుల కాలపు చెరువులు. ఇప్పటికీ పారుతున్నాయి. చెరువు కట్టించినవాళ్లకు, బాగు చేసినవాళ్లకు దశబంధం అని మాన్యం ఇచ్చేవారు. ఎంత తెలివో! చెరువు అందరిదీ అయితే ఎవరూ పూడిక తీయరన్న సంగతి వాళ్లకు తెలుసు, అందుకే తీసినవాడికి ఆదాయం చూపించారు. ఈ పద్ధతిలో ఎవరూ పస్తుండకుండా ఒక ఏర్పాటుండేది. కానీ కమ్మరి కొడుకు కమ్మరే, చాకలి కొడుకు చాకలే. ఎవరేం కావాలో పుట్టుకే రాసి పెట్టేది. ఆ పాత రోజులే బాగుండెనని ఎవరన్నా అంటే, ఆ మాట అనేవాళ్లు కల్లం కాడ ఏ వైపు నిలబడ్డారో అడగండి.

ఆ ఆచారానికి దొరతనం తోడైతే అది వెట్టి అయింది. దేశ్‌ముఖ్‌ల గడీల్లో పని చేయాలి, పైసా లేదు, గింజ లేదు, కాదనడానికి లేదు. జనగామ దగ్గర పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమిలో పండించుకున్న పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికొస్తే, సంఘం వాళ్లతో కలిసి ఎదురు నిలబడి పంటను దక్కించుకుంది. మూడు ప్రశ్నలన్నాను గదా, అందులో మూడోది, వచ్చింది ఎవరికి దక్కాలి అన్నది. ఐలమ్మ అడిగింది అదే. అట్లాంటి పోరాటాల తర్వాతే 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారులకు చట్టం వచ్చింది.

సర్కారే అన్నీ చేసే పద్ధతికి పెద్ద ఉదాహరణ సోవియట్ రష్యా. ఏ ఫ్యాక్టరీ ఎన్ని మేకులు చేయాలో కూడా మాస్కోలో కూర్చుని రాసేవారు. రాకెట్లు చేశారు, చదువులు చెప్పారు, కానీ దుకాణాల ముందు జనం సబ్బుకు, మాంసానికి వరుసల్లో నిలబడ్డారు. ధర అనే చాటింపు ఆపేస్తే ఎక్కడ ఏం తక్కువయిందో పైవాళ్లకు వినపడలేదు. 1991లో ఆ దేశమే విడిపోయింది. మనం అంతదూరం పోలేదు. 1951లో పంచవర్ష ప్రణాళికలు పెట్టుకున్నాం, బొగ్గు, ఉక్కు, రైళ్లు సర్కారు చేతిలో ఉంచుకున్నాం, పొలాలు, దుకాణాలు జనం చేతిలో ఉంచాం. మిశ్రమ ఆర్థిక వ్యవస్థ అంటే అదే. భూపాలపల్లిలో బొగ్గు తవ్వే సింగరేణి ఇప్పటికీ రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49 శాతం.

మన ఆజంజాహీ మిల్లు కూడా ఈ దారంతా నడిచింది. 1934లో ఏడో నిజాం తన పెద్దకొడుకు ఆజం జా పేరు మీద పెట్టించాడు. మన పత్తి మన ఊళ్లోనే నూలయి, గుడ్డయ్యేది. తర్వాత జాతీయ జౌళి సంస్థ కిందికి పోయింది. పాత యంత్రాలు, నష్టాలు, చివరికి మూత. అప్పటినుంచి మన పత్తి బేళ్లు కట్టుకుని బయటికి పోయి, చొక్కాలయి తిరిగొస్తోంది. క్వింటాలు పత్తికి రైతుకొచ్చేదెంత, అందులోంచి వచ్చే చొక్కాలకు మనం కట్టేదెంత, మీరే లెక్క కట్టండి. ఆ మధ్యలో ఉన్న విలువంతా పని దొరికే ఊళ్లకు పోయింది. 2017లో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది వేసింది ఆ విలువను వెనక్కి తేవడానికే. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లను చూస్తే నాకు అదే అనిపిస్తుంది. ఆ పడుగు పేకల్లో ఉన్న పనితనం పోకుండా ఉంటే బాగుండును.

ఇప్పుడొక విచిత్రం చెప్తాను. 1991లో దేశం దగ్గర విదేశీ సరుకు కొనడానికి రెండు వారాలకు సరిపడా డాలర్లే మిగిలాయి. బంగారం తాకట్టు పెట్టాం. జూలై 1న ఒకసారి, 3న ఒకసారి రూపాయి విలువ తగ్గించారు. ఆ నెల 24న చాలా పరిశ్రమలకు లైసెన్సుల పద్ధతి ఎత్తేశారు. అంగడి తలుపు అంత వెడల్పుగా తీసిన ప్రధాని ఎవరు? మన నర్సంపేట దగ్గర లక్నెపల్లిలో పుట్టి, వంగరలో పెరిగిన పీవీ నరసింహారావు. ఆయనే 1970ల మొదట్లో ముఖ్యమంత్రిగా భూసంస్కరణలు తలకెత్తుకుని పదవి పోగొట్టుకున్నాడు. ఒకసారి సర్కారు చేత్తో భూమి పంచాలన్నాడు, ఇంకోసారి సర్కారు చేయి కొంత తీయాలన్నాడు. మాట మార్చాడని కొందరంటారు. నేననను. ఏ ప్రశ్నకు ఎవరు జవాబు చెప్తే మేలో దాన్నిబట్టి పోవాలని ఆయనకు తెలుసు.

వంగర ఉన్న భీమదేవరపల్లి మండలంలోనే ముల్కనూరు ఉంది. అక్కడ 1956లో ఎ.కె. విశ్వనాథ రెడ్డి రైతులను కూడగట్టి సహకార గ్రామీణ బ్యాంకు పెట్టాడు. సభ్యులకు అప్పు ఆ సంఘమే ఇస్తుంది, ఎరువులు, విత్తనాలు అదే తెస్తుంది, పంట అదే కొంటుంది. లాభం మిగిలితే సభ్యులకే. ఇందాక ఆగగలిగినవాడిదే బేరం అన్నాను గదా? ఒక్క రైతు ఆగలేడు, వేలమంది కలిస్తే ఆగగలరు. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు 2000లో తమ సొంత పాల డెయిరీ పెట్టుకుని స్వకృషి పేరుతో అమ్ముతున్నారు. వెన్న శాతం చూసి ధర కట్టేది వాళ్ల సంఘమే, ఆ సంఘాన్ని ఎన్నుకునేదీ వాళ్లే. వాళ్లు కూడా అంగట్లోనే అమ్మాలి, ప్రైవేటు డెయిరీలతో పోటీ పడాలి. సర్కారు చట్టం కిందనే నడవాలి. కానీ వెనక్కి తిరిగి చూస్తే మూడు ప్రశ్నలకూ జవాబు వాళ్ల సమావేశంలోనే దొరుకుతుంది. నన్నడిగితే, మన ప్రాంతం ప్రపంచానికి చూపించగలిగిన అర్థశాస్త్రం అదే.

మరి అంత మంచిదైతే అన్ని ఊళ్లలో ఎందుకు లేదు? ఇదుగో, ఇది మంచి ప్రశ్న. కలిసి చేసే పనిలో ఒక చిక్కుంది. అప్పు అందరూ కట్టాలి, నేనొక్కణ్ని కట్టకపోతే ఏమవుతుందిలే అని ఒకడనుకుంటాడు. అది చూసి ఇంకొకడు. చాలా సంఘాలు పైనుంచి ఆర్డరుతో పుట్టాయి, అప్పు మాఫీ వస్తుందని ఎదురుచూస్తూ బలహీనపడ్డాయి, ఎన్నికలొస్తే పార్టీల చేతిలోకి పోయాయి. ముల్కనూరులో పక్కింటివాడు అప్పు ఎగ్గొడితే అది నా పైసే పోయినట్టని సభ్యులకు తెలుసు, అందుకని పక్కింటివాడే వెళ్లి అడుగుతాడు. అట్లాంటి అలవాటు ఒక ఆర్డరుతో రాదు, దుకాణంలో దొరకదు. ఏడాదికేడాది లెక్కలు అందరి ముందు చదివి వినిపిస్తూ ఉంటే మెల్లగా కుదురుకుంటుంది, అదీ ఆ పని విసుగు లేకుండా చేసే నలుగురు ఆ ఊళ్లో ఉంటేనే.